మెత్తటి తిండి

ఇంట్లో ఎవరికి పన్ను నొప్పి వచ్చినా బయటి డాక్టరు దగ్గరికి పోవడమంటే జకర్యాకు తల కొట్టేసినట్టు ఉండేది. ముప్పై నాలుగేళ్లుగా ఆయన రెజిమెంటల్ బజార్‌లో పళ్ల సెట్లు చేస్తున్నాడు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు తగిలే గది అది. బల్ల మీద మైనం కరిగించే దీపం, రాపిడి మిషను, గోడ బీరువాలో వరసగా ప్లాస్టరు దవడలు. సికింద్రాబాదులో సగం మంది ముసలివాళ్లు తన పళ్లతోనే నవ్వుతున్నారని ఆయన గట్టి నమ్మకం. సగం మాట దేవుడెరుగు గానీ, మల్కాజ్‌గిరిలో ఆయన వెళ్లే చర్చిలో ముందు రెండు వరసలు మాత్రం ఆయన చేతి పనే. పాట మొదలయిందంటే ఆయన చూపు పాటల పుస్తకం మీద కాక ఆ నోళ్ల మీద ఉండేది.

అలాంటి మనిషి ఇంట్లో, రెండు వేల ఆరు వేసవిలో, ఒక నోరు తిండి మానేసింది. ఆ నోరు మనిషిది కాదు. మనవరాలు ఎమిలీ పెంచుకుంటున్న గినీ పిగ్‌ది.

ఎమిలీకి పదేళ్లు. వాళ్లమ్మ దేవకృప ఆస్పత్రిలో నర్సు, వాళ్ల నాన్నకు కాజీపేటలో రైల్వే డ్యూటీ. అందుకని పిల్ల ఆలనాపాలనా అంతా అమ్మమ్మ, తాతలదే. పోయిన పుట్టినరోజుకు వాళ్ల నాన్న ఆ జంతువును అట్టపెట్టెలో పెట్టి తెచ్చిచ్చాడు. ఎలుకకు పెద్దది, కుందేలుకు చిన్నది, తోక లేదు. ఒళ్లంతా గోధుమరంగు, మెడ చుట్టూ మాత్రం తెల్లటి పట్టీ. ఆ పట్టీ చూసి ఎమిలీ దానికి బిషప్ అని పేరు పెట్టింది. జకర్యా భార్య సలోమి నోరు నొక్కుకుంది. వేరే పేరు పెట్టవే, పాపం తగులుతుందే అని వారం రోజులు బతిమాలింది. పిల్ల వినకపోయేసరికి తను మాత్రం దాన్ని "అయ్యగారు" అని పిలవడం మొదలుపెట్టింది. బందరులో ఆమె చిన్నప్పుడు పాస్టరును అలాగే పిలిచేవారు. పాపం ఎక్కడ తగ్గిందో ఆమెకే తెలియాలి.

జకర్యా ఒక మామిడిపళ్ల పెట్టెకు జాలీ బిగించి బిషప్‌కు ఇల్లు కట్టాడు. దాన్ని భోజనాల బల్ల దగ్గరే, సలోమి కూర్చునే కుర్చీ వెనక గోడవారన పెట్టారు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఎమిలీ దాన్ని తాత కొట్టు నుంచి తెచ్చిన త్రాసులో తూచి, స్కూలు డైరీ చివరి పేజీలో రాసేది. వచ్చినప్పుడు ఆరు వందల గ్రాములు. క్రిస్మస్‌కు తొమ్మిది వందలు. ఈస్టరు నాటికి పద్నాలుగు వందలు. అంకె పెరిగినప్పుడల్లా ఇంట్లో చప్పట్లు. క్యారెట్ ముక్క, క్యాబేజీ ఆకు, గుప్పెడు అటుకులు, ఇంతే కదా పెడుతున్నాం, ఇంత ఎట్ల పెరిగిందని ఎమిలీ నాన్న ఒకసారి అడిగాడు. "మా ఇంటి నీళ్లు గసుంటివి బాబూ" అన్నాడు జకర్యా మురిసిపోతూ. ఎమిలీ అమ్మమ్మ వైపు చూసి ఊరుకుంది. అది పరుగులు మానేసి పొట్ట నేలకు ఈడ్చుకుంటూ నడుస్తున్నా అందరికీ ముద్దుగానే కనిపించింది.

మే నెల మొదట్లో అది తిండి తగ్గించింది. క్యారెట్ ముక్క చూస్తే ఆత్రంగా వచ్చేది, నోట్లో పెట్టుకునేది, కాసేపు దవడ అటూ ఇటూ ఆడించి కింద పడేసేది. గడ్డం కింద తెల్లపట్టీ ఎప్పుడు చూసినా చొంగతో తడిసి ఉండేది. ఒక ఆదివారం పదమూడు వందలు, మరుసటి ఆదివారం పదకొండు వందల యాభై. ఈసారి చప్పట్లు లేవు.

"తాతా, డాక్టర్‌కి చూపిద్దాం" అంది ఎమిలీ.

"డాక్టర్ ఎందుకే? పంటి సంగతి నాకన్న ఎవరికెరుక?"

జకర్యా దాన్ని ఒడిలో పెట్టుకుని, బొటనవేలితో పై పెదవి ఎత్తి చూశాడు. ముందు పళ్లు నాలుగూ పొడుగ్గా, కాస్త పక్కకు వంగి ఉన్నాయి. వెనక పళ్లు కనబడలేదు. ఆ నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోదు. కనబడనిచోట జబ్బు ఉండదనే ఆయన అనుకున్నాడు.

"చిగురు పుండైంది. నములుతుంటె నొస్తుంది దానికి. పది దినాలు మెత్తటి తిండి పెడితె అదే సర్దుకుంటది. నా దగ్గరికొచ్చే వాళ్లందరికి గిదే చెప్త. అందరు మంచిగైతలేరా?"

అందులో అబద్ధం లేదు. కొత్త సెట్టు పెట్టుకున్న ప్రతివాడికీ ఆయన చెప్పే మొదటి మాట అదే. వారం దాకా జావ, ఉప్మా, పాలల్లో నానిన బ్రెడ్డు, ఆ తర్వాత మళ్లీ నా దగ్గరికి రావాలె. మనిషి చిగురుకు పనికొచ్చిన వైద్యం ఈ జంతువుకూ పనికొస్తుందని ఆయనకు రవ్వంత సందేహం కూడా రాలేదు. ఆ రోజు నుంచి బిషప్‌కు గట్టి వస్తువేదీ ముట్టించొద్దని ఇల్లంతటికీ ఆర్డరు వేశాడు. క్యారెట్ ఉడికించి మెదపాలి, అటుకులు నానబెట్టాలి.

ఆ ఆర్డరు విని వంటింటి గుమ్మంలో నిలబడ్డ సలోమి ముఖం పాలిపోయింది. "ఏవండీ, ఒకసారి డాక్టరుకు చూపిస్తే పోయేదేముంది?" అంది.

"నువ్వు జెర ఊకో సలోమీ. నీ నోట్ల పళ్లు ఎవరు పెట్టిన్రు?" అన్నాడు జకర్యా నవ్వుతూ.

ఆమె లోపలికి వెళ్లిపోయింది. సికింద్రాబాదులో ముప్పై ఐదేళ్లు కాపురం చేసినా సలోమి మాటలో బందరు యాస పోలేదు, మొగుడి మాటకు ఎదురు చెప్పే అలవాటూ రాలేదు.

ఆ పళ్ల సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు సాగదు. కిందటేడు సలోమికి మిగిలిన నాలుగు పళ్లూ తీసేయాల్సి వచ్చింది. జకర్యా తన జన్మలో ఏ సెట్టూ అంత శ్రద్ధగా చేయలేదు. మంచి రకం పళ్లు తెప్పించాడు, మూడుసార్లు మైనంలో పెట్టి చూశాడు, అద్దంలా పాలిష్ చేశాడు. క్రిస్మస్ ఉదయం, చర్చికి బయల్దేరే ముందు, కూతురు, అల్లుడు, ఇరుగుపొరుగు అందరూ చూస్తుండగా ఆమె నోట్లో పెట్టి "ఎట్లుంది?" అని అడిగాడు. "బాగుందండీ" అంది సలోమి. అప్పటి నుంచి ఆమె ఆయనకు నడిచే బోర్డు అయింది. కొట్టుకొచ్చిన గిరాకీకి ఏ అనుమానం వచ్చినా ఆదివారం చర్చి దగ్గర ఆమెను చూపించి, "జెర నవ్వు సలోమీ" అనేవాడు. సలోమి నవ్వేది.

ఇంట్లోనూ అంతే. రాత్రి భోజనానికి కూర్చోగానే జొన్నరొట్టె, వేయించిన పల్లీలు తన చేత్తో ఆమె పళ్లెంలో వేసేవాడు. "పళ్లున్నయి కద ఇప్పుడు. తిను" అనేవాడు. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేవాడు. జకర్యా ప్రార్థన అంటే మాటలు కాదు. కాజీపేటలో ఉన్న అల్లుణ్ణి, డ్యూటీలో ఉన్న కూతుర్ని, వర్షం వస్తే కారే చర్చి కప్పును, దేశాన్ని, రాష్ట్రాన్ని వరసగా దేవుడికి అప్పజెప్పి ఆమెన్ అనేసరికి పప్పు చల్లారిపోయేది. భోజనం ముగిసేసరికి సలోమి పళ్లెం శుభ్రంగా ఉండేది. అది చూస్తే ఆయనకు ఇంకో రొట్టె తిన్నంత తృప్తి.

మెత్తటి తిండి పెట్టిన మూడో రోజున బిషప్ కాస్త జావ నాకింది. "చూసినవా?" అన్నాడు జకర్యా. అయిదో రోజు అది కూడా నాకలేదు. ఎమిలీ ఇప్పుడు ఆదివారం దాకా ఆగడం లేదు, రోజూ పొద్దున్నే తూస్తోంది. వెయ్యి, తొమ్మిది వందల డెబ్భై, తొమ్మిది వందల ముప్పై. వదులైన చర్మం కింద ఎముకలు చేతికి తగులుతున్నాయి. ఎమిలీ స్నేహితులతో ఆడుకోవడం మానేసి పెట్టె పక్కనే చాప వేసుకుని కూర్చుంటోంది.

తొమ్మిదో రోజున పిల్ల డైరీ తెచ్చి తాత ముందు పెట్టింది. "నువ్వు చెప్పినట్లే చేసిన కద తాతా. ఒక్కటి సుత గట్టిది పెట్టలే. మరి ఎందుకు తగ్గుతుంది?"

అందులో నిష్ఠూరం ఏమీ లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. జకర్యాకు దాంతోనే గుండె జారింది. ఆ రోజు కొట్లో ఒక సెట్టు మైనం మాడ్చేశాడు, రెండోసారీ మాడ్చేశాడు. ఆయనకు భయం వేసింది. జంతువు చచ్చిపోతుందేమోనన్నది ఒక భయం. తన మాట నమ్మినందుకు అది చచ్చిపోతే ఆ పిల్ల తనను మళ్లీ ఎప్పటికీ అలా నమ్మదన్నది అంతకంటే పెద్ద భయం. అప్పుడైనా లేచి డాక్టరు దగ్గరికి పోవచ్చు. ఇంకో రెండు రోజులు చూద్దామనుకున్నాడు. మనిషికి అహం అంత తొందరగా అరగదు.

పదకొండో రోజు ఉదయం ఎమిలీ పళ్లెం పెడితే బిషప్ లేవలేదు. తల మాత్రం ఎత్తి చూసి మళ్లీ దించేసింది. జకర్యా చొక్కా వేసుకుని, కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి దాన్ని పడుకోబెట్టాడు. "పా బిడ్డా, బన్సీలాల్‌పేట్‌ల జంతువుల డాక్టర్ ఉన్నడట" అన్నాడు.

"నేనూ వస్తానండీ" అంది సలోమి.

"ఈ ఎండల నువ్వెందుకు?"

సలోమి గేటు దాకా వచ్చి ఎమిలీ భుజం మీద చెయ్యి వేసింది. "డాక్టరుగారు ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పు."

ఎమిలీ తల ఎత్తి చూసింది. "అన్నీనా అమ్మమ్మా?"

"అన్నీ చెప్పమ్మా."

ఆటో మాట్లాడే తొందరలో జకర్యా ఆ మాటల్ని పట్టించుకోలేదు.

డాక్టర్ మధుసూదన్ మిలిటరీ గుర్రాలను చూసి చూసి రిటైరయిన మనిషి. చేతులు పెద్దవి, మాట మొరటు. బిషప్‌ను త్రాసులో పెట్టాడు, తొమ్మిది వందలకు పది గ్రాములు తక్కువ. సన్నటి గొట్టం లాంటి దీపం నోట్లో పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత డైరీ అందుకుని అంకెలన్నీ చదివాడు.

"ఏం పెడుతున్నరు దీనికి?"

"పది దినాల నుంచి మెత్తటిది. జావ, ఉడకపెట్టిన క్యారెట్" అన్నాడు జకర్యా.

"ఎవరు చెప్పిన్రు మెత్తటిది పెట్టుమని?"

ఎమిలీ తన చెప్పుల వైపు చూసుకుంది. తాత పేరు చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే జకర్యాకు చెంపదెబ్బలా తగిలింది.

"నేనే సార్. నాది పళ్ల పనే. మనుషులకు సెట్లు చేస్త."

డాక్టరు వెటకారం చేయలేదు, చేసినా బాగుండేది. "మన పళ్లు ఒక్కసారొస్తయి, అరిగితె పోతయి. వీటివి గట్ల కాదు. బతికున్నన్ని దినాలు పెరుగుతనే ఉంటయి. పొద్దందాక గడ్డి నమిలితెనే అరుగుతయి. గడ్డే దీనికి తిండి, గడ్డే దీనికి ఆకురాయి. గడ్డి పెట్టిన్రా ఎన్నడన్న?"

పెట్టలేదు. వాళ్ల వీధి మలుపులో బుచ్చమ్మ అనే ఆవిడ ఆవులకు వేసే పచ్చగడ్డి కట్టలు పెట్టుకుని రోజూ కూర్చుంటుంది. జకర్యా రోజూ ఆ కట్టలను దాటుకునే బస్టాపుకు వెళ్తాడు. గడ్డి మాట ఆయన బుర్రకు ఒక్కనాడూ తట్టలేదు.

"సరే, పళ్ల సంగతి గది. పద్నాలుగు వందల దాక ఎట్ల బలిసింది మరి? క్యారెట్ ముక్కకు, క్యాబేజీ ఆకుకు గింత కాదు. ఇంకేందో తింటుంది ఇది."

"అంతే సార్, ఇంకేం పెట్టలే" అన్నాడు జకర్యా.

"పెట్టినం" అంది ఎమిలీ. గొంతు సన్నగా వచ్చింది. "జొన్నరొట్టె. పల్లీలు. రోజు రాత్రి అమ్మమ్మ పెడుతది. నువ్వు కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తవు కద తాతా, అప్పుడు ప్లేట్ల నుంచి తీసి వెనకకు వేస్తది."

"నీకెట్ల తెలుసు?"

"నేను కండ్లు తెరుస్త" అంది పిల్ల తలదించుకుని. "ఎవరికి చెప్పకన్నది."

జకర్యాకు ఒళ్లు మండింది. సలోమి రొట్టెలు పెట్టి దాన్ని బలిపించింది, పైగా ఇన్ని రోజులు తను తలపట్టుకుంటుంటే పెదవి విప్పలేదు. ఎందుకు చేసిందో మాత్రం ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అడగడానికి అప్పుడు సమయమూ లేదు. డాక్టరు చెబుతున్నది ఇంకా ఘోరంగా ఉంది. వెనక పళ్లు నాలుక మీదికి పెరిగాయి, వాటిని ఆకురాయితో రాయాలి. రాయాలంటే మత్తు ఇవ్వాలి. ఇంత నీరసించినదానికి మత్తు ఇస్తే లేస్తుందన్న పూచీ లేదు. రాయకపోతే ఆకలితో నాలుగు రోజుల్లో పోతుంది.

"ఇంకొకటి" అన్నాడు డాక్టరు. "నా దగ్గరున్న ఆకురాళ్లు గుర్రాలకు, కుక్కలకు. ఈ నోట్ల పట్టయి. మీ పళ్ల పనిల సన్నటియి ఉంటయి కద?"

ఉంటాయి. ఎమిలీని, బుట్టను అక్కడే వదిలి జకర్యా ఆటోలో రెజిమెంటల్ బజార్‌కు పరుగెత్తాడు. షట్టరు ఎత్తి, చేత్తో పట్టుకుని రాసే చిన్న మిషను తీసి, అన్నింటికంటే సన్నటి ఆకురాయి కోసం డబ్బా వెతికాడు. కొత్త సెట్టు చిగురుకు గుచ్చుకున్నచోట నున్నగా రాయడానికి వాడేది అదే. బీరువాలో ప్లాస్టరు దవడలు వరసగా ఉన్నాయి. ప్రతిదాని మీదా పెన్సిలుతో పేరు, సెట్టు ఇచ్చిన తేదీ, దాని కింద వారం తర్వాత వచ్చి సరిచేయించుకున్న తేదీ. ఒక చివర విడిగా పెట్టిన దవడ సలోమిది. దాని మీద ఒకటే తేదీ ఉంది. చూశాడు, చూసి షట్టరు దించేశాడు.

డాక్టరు మత్తు ఇచ్చి రాపిడి మొదలుపెట్టాడు. దీపం జకర్యా పట్టుకున్నాడు. దవడలు తెరిచి పట్టిన చిన్న కొక్కేల మధ్య నుంచి పదకొండు రోజుల కిందట తనకు కనబడని వెనక పళ్లు ఇప్పుడు కనబడ్డాయి. కింది పళ్లు రెండు వైపుల నుంచీ లోపలికి వంగి నాలుకను నొక్కేశాయి. పైపన్ను ఒకటి ముల్లులా పెరిగి బుగ్గలో దిగింది. అది దిగినచోట అంచు తెల్లబారి, నడుమ ఎర్రగా ఒక పుండు. ఆ పుండును జకర్యా వెంటనే గుర్తుపట్టాడు. ముప్పై నాలుగేళ్లలో ఎన్ని నోళ్లలో చూశాడో లెక్క లేదు. జావ పోస్తే మానే పుండు కాదది. గుచ్చేదాన్ని రాయాలి. ఆ ముక్క అందరికంటే తనకే బాగా తెలుసు. తెలిసీ పది రోజులు దాని మీద జావ పోశాడు.

"నోరు లేని జీవి" అన్నాడు డాక్టరు రాస్తూనే. "ఎక్కడ గుచ్చుతుందో చెప్పుకోలేదు. దీపం సీదా పట్టుండ్రి, పక్కకు పోతుంది."

రాపిడి అయ్యాక ముప్పావుగంట అది కదలలేదు. ఎమిలీ దాని పక్కన రెండు చేతులూ బల్ల మీద పెట్టి నిలబడింది, ఏడవలేదు. జకర్యా ప్రార్థన చేద్దామనుకున్నాడు గానీ కళ్లు మూసుకోవడానికి ధైర్యం చాలలేదు. చివరికి బిషప్ ముక్కు కదిలింది. ఇంకాసేపటికి తల ఎత్తింది.

"ఇయ్యాల బతికింది" అన్నాడు డాక్టరు. "రేపు, ఎల్లుండి సుత చూడాలె. పచ్చగడ్డి మెత్తగ నూరి, సూది లేని సిరంజితోని మూడు గంటలకోసారి తాపుండ్రి. పెట్టె నిండ గడ్డి వెయ్యుండ్రి, పచ్చిది, ఎండబెట్టింది. కొత్తిమీర, జామపండు ముక్క, క్యాప్సికమ్ జెరంత. క్యారెట్ ఎన్నడో ఒకనాడు. రొట్టెలు, పల్లీలు బంద్. తనంతట తాను గడ్డి కొరికిందంటే గండం గడిచినట్టే."

తిరిగి వచ్చేటప్పుడు వీధి మలుపులో ఆటో ఆపించాడు జకర్యా. బుచ్చమ్మ రెండు కట్టలు తీసిచ్చి, "ఆవుకా సారూ?" అంది.

"కాదు, బిషప్‌కు" అన్నాడు జకర్యా పరధ్యానంగా. బుచ్చమ్మ ఆయన వైపు ఒకమాటు చూసి, ఇంకో గుప్పెడు గడ్డి వేసింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగయింది. సలోమి గేటు దగ్గరే ఉంది. పొద్దున్నుంచీ అక్కడే నిలబడిందో ఏమో. ఎమిలీ బుట్టతో లోపలికి పోగానే జకర్యా బల్ల దగ్గర కూలబడి, ఎదురుగా కుర్చీ చూపించాడు.

"రొట్టెలు ఎందుకు వేసినవ్ దానికి?"

"డాక్టరుగారు ఏమన్నారు?" అంది సలోమి.

"వెనక పన్ను బుగ్గల గుచ్చుకుంటుందన్నడు. అందుకే తింటలేదట. నోరు లేని జీవి, ఎక్కడ గుచ్చుతుందో చెప్పుకోలేదన్నడు. నా మాటకు జవాబు చెప్పు."

సలోమి కుర్చీ లాక్కుని కూర్చుంది. "నోరున్నవాళ్లు మాత్రం చెప్పుకోగలరేంటండీ?" అంది. చెయ్యి అడ్డం పెట్టుకుని కింది సెట్టు తీసి, ఆయన ముందున్న పళ్లెంలో పెట్టింది.

జకర్యాకు మొదట అర్థం కాలేదు. తర్వాత లేచి, ఆమె గడ్డం పట్టుకుని కిటికీ వెలుతురుకు తిప్పాడు. ఎడమ చిగురు చివర, అంచు తెల్లబారి, నడుమ ఎర్రగా, రెండు గంటల కిందట చూసిన పుండే. ఆయన చెయ్యి ఆమె గడ్డం కిందే ఉండిపోయింది.

"ఎప్పటి నుంచి?"

"క్రిస్మస్ నాటి నుంచే." పళ్లు లేక మాట మెత్తగా వస్తోంది. "పెట్టగానే గుచ్చింది. అందరి ముందూ ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాను. మళ్లీ మీరు అడగలేదు."

"చెప్పొద్దా నాకు?"

"కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ నన్ను చూపించి మురిసిపోతుంటే ఎలా చెప్పమంటారు? మీరు రొట్టె వేసి తిను తిను అనేవారు. అన్నం ఎలాగో మింగేదాన్ని, రొట్టె నమలబోతే ప్రాణం పోయేది. మిగిల్చితే మీకు తెలిసిపోతుంది, పారేస్తే పాపం. అందుకే అయ్యగారికి వేశాను. ఇష్టంగా తినేవారు. ఆయన తినడం మానేశాక కొంగున దాచి, మీరు పడుకున్నాక నీళ్లలో నానేసి మింగాను." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నావల్ల దానికిలా అయిందని తెలిశాక కూడా నోరు రాలేదండీ నాకు. ఆ పిల్ల ముఖం ఎలా చూడను?"

జకర్యా మనసులో నెలలు లెక్కపెట్టాడు. అయిదు నెలలు. వీధిన పోయే ప్రతివాణ్నీ వారం తిరక్కుండా పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, ఎక్కడ గుచ్చుతుందని అడిగి అడిగి సెట్టు రాసిన మనిషి తను. ఇంట్లో మనిషే కదా, గుచ్చితే చెప్పదా అనుకున్నాడు. నిజానికి అంత కూడా అనుకోలేదు. ఆమె నవ్వుతుంటే పళ్లు చూశాడు గానీ ముఖం చూడలేదు. ఆయనకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది.

"తప్పు నీది కాదు సలోమీ, దాని నోట్ల జావ పోసింది నేను" అన్నాడు చివరికి. ఆ సెట్టును రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. "పుండు మానేదాక ఇది పెట్టుకోకు. చర్చికి పోయినా సుత పెట్టుకోకు."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయనే జావ కాచి ఆమె పళ్లెంలో పోశాడు. ప్రార్థన నాలుగు ముక్కల్లో అయిపోయింది. కళ్లు తెరిచి చూస్తే ఎమిలీ తెరిచిన కళ్లతో తననే చూస్తోంది. 

రెండు రోజులు ఇల్లంతా పచ్చగడ్డి వాసన. సలోమి రోట్లో నూరితే ఎమిలీ సిరంజితో తాపింది, జకర్యా దాన్ని తువ్వాల్లో చుట్టి ఒడిలో పట్టుకున్నాడు. సగం లోపలికి పోతే సగం ఆయన లుంగీ మీద. రెండో రోజు తూస్తే ఎనిమిది వందల అరవై. ఎమిలీ అంకె రాసి, డైరీ మూసి, తాతతో మాట్లాడకుండా వెళ్లిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం బిషప్ ఒక గడ్డిపోచను ముక్కుతో తోసి, కొరికి, వదిలేసింది. గంట తర్వాత మళ్లీ కొరికి, ఈసారి చివరిదాకా నమిలింది. ఎమిలీ పరుగెత్తుకొచ్చి సలోమికి చెప్పింది. తాతకు సాయంత్రం దాకా చెప్పలేదు. పన్ను ఒకసారి వంకర పోయింది కాబట్టి రెండు నెలలకోసారి తెచ్చి రాయించాలని డాక్టరు చెప్పాడు. తాత మాట కూడా ఆ పిల్ల దగ్గర అలాగే అయింది. ఇప్పుడు ఆయన ఏం చెప్పినా, "నిజమేనా?" అని ఒకసారి అడిగి గానీ వినడం లేదు. జకర్యా దానికి నొచ్చుకుంటాడు, నొచ్చుకుని జవాబు చెబుతాడు.

చిగురు మానిన తర్వాత ఒక పొద్దున జకర్యా సలోమిని రెజిమెంటల్ బజార్‌కు తీసుకెళ్లాడు. ఇన్నేళ్లలో ఆమె ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. కొలతలు కూడా అప్పట్లో ఇంట్లోనే తీశాడు. మోకాలికి మోకాలు తగిలేలా ఎదురుగా కూర్చుని, సెట్టు పెట్టి, "ఎక్కడ గుచ్చుతుంది?" అని అడిగాడు. ఆమె చూపించింది. ఊదారంగు పెన్సిలుతో గుర్తు పెట్టి, అక్కడ ఆకురాయితో రాశాడు, కడిగి మళ్లీ పెట్టాడు.

"ఇప్పుడెట్లుంది?"

"బాగుందండీ."

బయట గిరాకీ నిలబడి ఉన్నాడు. జకర్యా లేవలేదు. పెన్సిలు చేతిలోనే పట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"సలోమీ, ఇంకెక్కడ గుచ్చుతుంది?"

ఆమె గుమ్మం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. తర్వాత నోరు తెరిచి, వేలు పెట్టి, ఒక్కొక్కటిగా ఇంకో మూడు చోట్లు చూపించింది.